ఇంటిమాట, ఇంగ్లీషుపుట

సాయంకాలము ఐదుగంటలు దాటి, ఉక్కు కర్మాగారములో జనరల్ షిఫ్టు ముగిసి, జాతీయరహదారి కిరువైపుల మోటారు సైకిళ్లును బస్సులును క్రిక్కిరిసిన వేళ, కూర్మన్నపాలెపు కూడలిలో ఉక్కునగరపు తోరణమునకు ఎదురుగా నిలిచి చూచినచో, గాజువాకనుండియు నగరమునుండియు కళాశాలలు విడిచి వచ్చి బస్సులు దిగుచున్న పిల్లలలో ఇద్దరు ముగ్గురి చేతులలోనైన ఒక సన్నని పుస్తకము కనిపించును. దాని యట్ట రంగురంగులది, లోపలి కాగితము పలుచనిది. అందు పద్యము లేదు, నాటకము లేదు, కథ లేదు. వానినిగూర్చి పరీక్షలో వ్రాయవలసిన సమాధానములు మాత్రము కలవు. ఇంగ్లీషు సాహిత్యము ప్రధానాంశముగా డిగ్రీ చదువు విద్యార్థి, ఏండ్లపాటు ఆ గైడును తప్ప వేరొకదానిని తెరువక, ఉత్తీర్ణుడై, పట్టా చేతబట్టుకొనియు, ఒక చిన్న ఉత్తరమును స్వయముగా వ్రాయుటకు సంకోచించుట నేను చాలకాలముగా చూచుచున్నాను. ఈ యధ్యాయము ఆ విద్యార్థికొఱకు వ్రాయుచున్నాను. వానిని నిందించుట నా యుద్దేశము గాదు. వాని దుఃఖము నేను స్వయముగా ననుభవించినది.

ఈ పరిసరములలో తండ్రులు నన్ను ముందుగా అడుగు ప్రశ్న వేరు. "ఇంగ్లీషు తీసుకుంటే ఏటొస్తాది మాస్టారూ?" అందురు. షిఫ్టుపనులు చేసి ఫీజులు కట్టువారు అడుగవలసిన ప్రశ్నయే యది. బి.ఎడ్. చేసినవారికి పాఠశాలలలో ఉపాధ్యాయపదవులు, ఎం.ఏ. చదివి నెట్టుగాని సెట్టుగాని దాటినవారికి కళాశాలలలో అధ్యాపకపదవులు, పత్రికలలోను అనువాదరంగమునను పని, బ్యాంకు పరీక్షలలో ఇంగ్లీషు ప్రశ్నపత్రమునకు జంకని ధైర్యము, ఇవి కలవని చెప్పుదును. అయితే ఇవన్నియు ఇంగ్లీషు చదివినవారికే గాని గైడు చదివినవారికి దక్కవనియు వెంటనే చెప్పుదును. 2023–24 విద్యాసంవత్సరమునుండి మన రాష్ట్రమందలి డిగ్రీ కళాశాలలలో మూడు సబ్జెక్టుల పాతపద్ధతి పోయి ఒకే మేజరు గల పద్ధతి వచ్చినది గావున, ఈ యెన్నిక మునుపటికంటె బరువైనది. వెనుక చరిత్రయో రాజనీతియో తోడుండెడిది. ఇప్పుడు ఇంగ్లీషు తీసికొన్నవానికి ప్రధానముగా ఇంగ్లీషే ఆధారము.

నేను విద్యార్థిగా నున్న దినములలో నా చదువును గైడులమీదనే సాగినది. మార్కులు బాగుగనే వచ్చినవి. ఆ మార్కులతోనే ఉద్యోగమును వచ్చినది. పాఠము చెప్పుటకు తరగతిలో నిలిచిన తొలియేడు, పసుపుపచ్చని డాఫొడిల్ పూవులనుగూర్చి వర్డ్స్‌వర్త్ వ్రాసిన ప్రసిద్ధ పద్యమును బోధించుచుండగా, వెనుక బల్లపై కూర్చుండు ఒక పిల్లవాడు లేచి, "మాస్టారూ, ఒంటరిగా తిరుగుటకు కవి మేఘముతో పోలిక చెప్పినాడు గదా, ఆషాఢములో మన ఊరిమీదికి మేఘాలు మందలు మందలుగా వస్తాయి, ఒంటరి మేఘము ఎక్కడిది?" అని అడిగెను. నాకు సమాధానము తోచలేదు. నేను చదివిన గైడులో ఆ పాదమునకు ఎదురుగా ఉపమాలంకారమని మాత్రమే యుండెను. నేనును ఆ మాటయే చెప్పితిని. పిల్లవాడు కూర్చుండెను. వాడు మరల ఆ యేడంతయు ప్రశ్న యడుగలేదు. ఒక విద్యార్థిలోని కుతూహలమును నా యజ్ఞానముతో చల్లార్చితినను బాధ నన్ను నేటికిని వదలలేదు.

ఆ వారమే విశ్వవిద్యాలయ గ్రంథాలయమునకు పోయి, ఆ పద్యముపుట్టిన కథను వెదకి చదివితిని. 1802 ఏప్రిల్ 15న అల్స్‌వాటర్ సరస్సుతీరమున ఆ పూవులను చూచిననాడు కవి ఒంటరిగా లేడు. సోదరి డరోతీ వెంట నున్నది. ఆమె తన దినచర్యపుస్తకమున ఆ సరస్సును, ఆ గాలిని, గాలికి కదలాడిన ఆ పూవులను, సామాన్యమైన గద్యములో, చూచినది చూచినట్లు వ్రాసికొనెను. కవి పద్యము వ్రాసినది రెండేండ్లకు పిమ్మట, 1804లో. అది యచ్చైనది 1807లో. అనగా కవి తన వెంట నడచిన సోదరిని పద్యమునుండి తొలగించి, ఒంటరితనమును బుద్ధిపూర్వకముగా కల్పించుకొనెను. పిదప ఆ యొంటరితనమునకు ఎదురుగా వేలకొలది పూవుల గుంపును నిలిపెను. పిల్లవాడు అడిగిన ప్రశ్న పద్యమునకు మర్మస్థానము. మందలుగా వచ్చు మేఘములను చూచి పెరిగిన మన విశాఖ పిల్లవానికి గనుకనే ఆ ప్రశ్న తోచినది. ఇంగ్లండులో పుట్టినవానికి తోచకపోవచ్చును.

నేను చెప్పదలచిన ముఖ్యవిషయము ఇక్కడ మొదలగుచున్నది. ఇంగ్లీషు సాహిత్యమును చదువు తెలుగు విద్యార్థికి, తన ఇంటిమాటయు ఇంగ్లీషుపుటయు ఒకదానిలో నొకటి యిమడని స్థలమే నిజమైన పాఠము. గైడు ఆ స్థలమును నున్నగా పూడ్చివేసి దారి వేయును. విద్యార్థి తట్టుకొని పడడు, కావున ఏమియు నేర్వడు. ఫోనులోని యంత్రము అడిగిన క్షణమున వ్రాసియిచ్చు వ్యాసమును ఇట్టిదే. దానిని దించి వ్రాసినవానికి గైడు చదివినవానికి కలిగినపాటి శ్రమయు కలుగదు.

ఇక చదువు పద్ధతి. పద్యమైనను నాటకమైనను మొదటిసారి గొంతెత్తి చదువుడు, అర్థముకొఱకు ఆగవలదు. రెండవసారి నిఘంటువు ప్రక్కన పెట్టుకొని, తెలియని మాటకు పెన్సిలుతో గీత గీచి చదువుడు. మూడవసారి చదివిన పిమ్మటనే ఇతరులు ఆ పద్యమునుగూర్చి ఏమనిరో చూడుడు. గొంతెత్తి చదువుమనుటకు కారణము కలదు. మన భాష అజంతము. పదముచివర అచ్చు లేనిదే మన నాలుక విశ్రమింపదు. వారి బస్ మనకు బస్సు, వారి రోడ్ మనకు రోడ్డు, వారి కార్ మనకు కారు. ఇది మన భాషాస్వభావము. ఇందు సిగ్గుపడవలసినది లేదు. అయితే ఇంగ్లీషు పద్యము చదువునపుడు హల్లుతో ముగియు పదములకెల్ల ఆ ఉకారము చేరినచో, పది యక్షరముల పాదము పండ్రెండో పదునాలుగో యక్షరములకు పెరిగి, లయ చెడి, కవి పడిన శ్రమ వ్యర్థమగును. కన్నులతో మాత్రము చదువువానికి ఈ చెడు తెలియదు.

ఛందస్సనగానే మన పిల్లలు బెదరుదురు. నిజమునకు, పాఠశాలలో యమాతారాజభానసలగమును వల్లెవేసి, పద్యపాదమునకు గురులఘువులు గుర్తించి గణవిభజన చేసినవానికి, ఇంగ్లీషు ఛందస్సు సగము తెలిసినట్లే. షేక్స్‌పియరు నాటకములలోని ప్రాసలేని పాదమున సాధారణముగా ఐదు గణము లుండును. ప్రతిగణమున ముందొక తేలిక యక్షరము, పిదప ఊనికగల యక్షరము. లఘువు తరువాత గురువు వచ్చు మన వగణమును జ్ఞప్తికి తెచ్చికొనుడు. దాని నడక యిదియే. భేదము ఒక్కచోట: మన గురువు కాలమునకు సంబంధించినది, వారిది ఊనికకు సంబంధించినది. పలు, పాలు అను మాటలకు మన చెవిలో భేదము పలుకు నిడివివలన కలుగును. వారిభాషలో ఊనిక మారినచో మాటయే మారును. ఇచ్చటి కార్మికులు ప్రతిదినము పలుకు పర్మిట్ అను మాట చూడుడు. పనికి అనుమతిపత్రమను అర్థమున నామవాచకమైనపుడు ఊనిక మొదటి యక్షరముపై పడును. అనుమతించుట యను అర్థమున క్రియయైనపుడు రెండవదానిపై పడును. రికార్డ్ అను మాటయు నట్టిదే. తండ్రి షిఫ్టునుండి తెచ్చిన మాటతో షేక్స్‌పియరు పాదమునకు ద్వారము తెరువవచ్చునని తెలిసినప్పుడు విద్యార్థి ముఖమున కలుగు వెలుగు నేను పలుమార్లు చూచితిని.

ఈ చదువు మన తీరమునకు పరాయిది గాదు. కూర్మన్నపాలెమునుండి ఇదే రహదారిమీద పడమటికి సాగి, అనకాపల్లి దాటి, యలమంచిలి ప్రాంతమునకు పోయినచో ఎస్. రాయవరము వచ్చును, గురజాడ అప్పారావు 1862లో అచ్చట జన్మించెను. ఆయన విజయనగరమున కళాశాల విద్యార్థిగా నున్నకాలమున, 1883లో, 'సారంగధర' యను దీర్ఘకావ్యమును ఇంగ్లీషులో వ్రాసెను. దానిని కలకత్తాలో శంభుచంద్ర ముఖర్జీ తన పత్రికలో పునర్ముద్రించి, మెచ్చుకొని, అయినను మాతృభాషలో వ్రాయుమని హితవు చెప్పెను. ఆ హితవు ఫలించి, 1892లో 'కన్యాశుల్కము' రంగమెక్కెను. 1897లో పుస్తకమై వెలువడెను. సమూలముగా మార్పుచెంది 1909లో మరల వెలువడెను. పరభాషలో వ్రాసిన తొలికావ్యము వృథాయైనదని కొందరందురు. నేనట్లు తలపను. ఆ నాటకమునకు రెండు ముద్రణలలోను పీఠికలు ఇంగ్లీషుననే యున్నవి. ఆయన దినచర్యలు ఇంగ్లీషున నున్నవి. లేఖలు ననేకము ఇంగ్లీషున నున్నవి. నిత్యము ఇంగ్లీషు వ్రాసిన ఆ చేతియే, విజయనగరపు వీధిమాటను తెలుగు నాటకమున నిలిపినది. పైగా, ఆ నాటకమున నాలుగు ఇంగ్లీషు ముక్కలతో వెంకటేశమును మురిపించు గిరీశమును సృష్టించినవాడు, ఆ భాషను ప్రదర్శనకు వాడువానికిని లోతుగా నెఱిగినవానికిని గల యంతరమును తనకు తాను నిర్ణయించుకొనియే సృష్టించియుండవలెను. డిగ్రీలో ఇంగ్లీషు చదువు ప్రతి తెలుగు విద్యార్థియు 'కన్యాశుల్కము'ను ఆ దృష్టితో ఒకసారి చదువవలెనని నా యభిప్రాయము.

1926లో స్థాపితమైన ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు తొలి ఉపాధ్యక్షుడైన కట్టమంచి రామలింగారెడ్డి స్వయముగా తెలుగున 'కవిత్వతత్త్వ విచారము' వ్రాసిన విమర్శకుడు. ఆయన ఇంగ్లీషు ఉపన్యాసములు వేరుగా ప్రసిద్ధములు. తమిళదేశమున పుట్టి, 1947లో వాల్తేరునందలి ఆ విశ్వవిద్యాలయమున ఇంగ్లీషు ఆచార్యపదవి స్వీకరించిన కె.ఆర్. శ్రీనివాస అయ్యంగారు, భారతీయులు ఇంగ్లీషులో వ్రాసినదియు సాహిత్యమే యనియు, దానికొక చరిత్ర కలదనియు, లీడ్స్ విశ్వవిద్యాలయమున ఉపన్యసించి, ఆ యుపన్యాసములను విస్తరించి 1962లో 'ఇండియన్ రైటింగ్ ఇన్ ఇంగ్లీష్' అను మహాగ్రంథముగా వెలువరించెను. నేడు దేశమునందలి ఇంగ్లీషు శాఖలలో భారతీయ రచయితలకు చోటున్నదనిన, ఆ చోటును కల్పించినవారిలో నొకడు మన సముద్రపుటొడ్డున కూర్చుండి పనిచేసెను. చైతన్యస్రవంతి పద్ధతిని 'అల్పజీవి' నవలలో తెలుగునకు తెచ్చిన రాచకొండ విశ్వనాథశాస్త్రి ఈ నగరమున న్యాయవాది. ఉక్కునగరమున ఇంజనీర్ల బిడ్డలనేకులున్నారు గనుక ఇంకొక పేరు చెప్పుదును: రాయప్రోలు సుబ్బారావు కుమారుడు శ్రీనివాస్ రాయప్రోలు సివిల్ ఇంజనీరు, అమెరికాలో స్టాన్‌ఫర్డున చదివెను, ఇంగ్లీషున కవిత్వము వ్రాసెను, అమెరికన్ కవి విలియం కార్లోస్ విలియమ్స్‌తో ఏండ్లతరబడి ఉత్తరములు నడపెను, సికింద్రాబాదునుండి 'ఈస్ట్ అండ్ వెస్ట్' అను సాహిత్యపత్రికను నడపెను. లెక్కలు వచ్చినవానికి కవిత్వము రాదను మాట మన యిండ్లలో ఇక వినబడకుండుగాక.

ఇప్పుడు వ్రాతకు వత్తును. ఈ యధ్యాయమున నా మనస్సు నిలిచినది ఇక్కడనే. రెండేండ్లక్రిందట, డిగ్రీ రెండవ సంవత్సరము చదువు ఒక అమ్మాయి ఆదివారములందు మా యింటికి వచ్చుచుండెను. కర్మాగారముకొఱకు భూములిచ్చిన నిర్వాసితుల కుటుంబము వారిది. నిర్వాసితులకిచ్చిన పునరావాసపత్రమగు ఆర్-కార్డు మాట వారి యింట దేవునిపేరువలె నిత్యము వినబడునట్టిది. ఇంట విన్న విషయమేదైన పది పంక్తులు ఇంగ్లీషులో వ్రాసి తెమ్మంటిని. తెచ్చినది. గీతల కాగితము, నీలపు సిరా, ఒక్క కొట్టివేతయైనను లేదు. కొట్టివేత లేకుండుట చూచియే నాకు సందేహము కలిగెను. విశాఖ ఉక్కు కర్మాగారము ప్రతిష్ఠాత్మకమైనదనియు, 1971లో శంకుస్థాపన జరిగినదనియు, 1992లో జాతికి అంకితమైనదనియు వ్రాసి, చివర ఒక వాక్యము చేర్చినది: 'అవర్ విలేజ్ వాజ్ సిట్యుయేటెడ్ ఇన్‌సైడ్ ది గేట్.' వ్యాకరణమున తప్పు లేదు. తహసీలుదారు కచేరీ కాగితమునందు ఇమిడిపోవు వాక్యమది.

"ఈ సంగతి నీకెవరు చెప్పినారమ్మా?" అని అడిగితిని.

"మా తాత, మాస్టారూ."

"ఏమన్నాడు? ఆయన మాటలోనే చెప్పు."

అమ్మాయి కొంచెము సిగ్గుపడినది. ఇంటిమాట మాస్టారి యెదుట పలుకుట తప్పని మన పిల్లల కెవరో నేర్పినారు. పిదప చెప్పినది. ఆ తాత ఒకనాటి సాయంకాలము అరుగుమీద కూర్చుండి, చుట్ట పట్టిన చేయి చాచి చూపి, "ఆ గేటు లోపలే ఉండీది మన ఊరు" అనెనట.

ఆ యారు మాటలమీద మేము మూడు ఆదివారములు కూర్చుంటిమి. మొదటి ఆదివారము 'ఉండీది' అను క్రియ. ఆమె వ్రాసిన 'వాజ్' ఒకప్పుడు ఉన్నదని మాత్రము తెలుపును. 'ఉండీది' అనునపుడు, అది చాలకాలముండెననియు, ఉండుట దాని నిత్యస్వభావమైయుండెననియు, ఇప్పుడు లేదనియు, మూడును ధ్వనించును. ఇంగ్లీషులో దీనికి దగ్గరిది 'యూజ్డ్ టు బి'. ఆమె ఆ ప్రయోగమును వ్యాకరణపుస్తకమున పదిసార్లు చదివియే యున్నది; ఖాళీలు పూరించియు నున్నది; అయితే అది తన తాత నోట ప్రతిదినము వినబడు ఉండీది యని ఆమెకు నాటివఱకు తెలియదు.

రెండవ ఆదివారము 'ఆ' అను చిన్నమాట. మన పిల్లలు ఇంగ్లీషులో ఎక్కువగా తడబడునది 'ఎ', 'ది' అను ఆర్టికిల్స్ దగ్గఱ. మన భాషలో అట్టివి లేకుండుటయే కారణము. ఆమె అలవాటుచొప్పున 'ది గేట్' అని వ్రాసెను. తాత వ్రేలు చూపి చెప్పినాడు గదా, ఆ వ్రేలు నీ వాక్యమున ఎక్కడమ్మా, యని అడుగగా, తానే 'దట్ గేట్' అని దిద్దుకొనెను. 'ది' యును 'దట్' యును చరిత్రరీత్యా ఒకే నిర్దేశకశబ్దముల కుటుంబములోనివి; ఒకదానికి వ్రేలు చూపు శక్తి యరిగిపోయినది, రెండవదానికి మిగిలినది. ఇట్లు చెప్పినతరువాత ఆ యమ్మాయికి ఆర్టికిల్స్ విషయమున మునుపటి తడబాటు చాలవరకు తగ్గినది.

మూడవ ఆదివారము 'మన'. ఇక్కడ మేమిద్దరమును చిక్కుకొంటిమి. తాత 'మా ఊరు' అనలేదు, 'మన ఊరు' అనెను. మా యనిన వినువారు వెలుపల నుందురు. మన యనిన వినువారు లోపలికి వత్తురు. ఇంగ్లీషున రెంటికిని 'అవర్' ఒక్కటే మాట. ఆ ఊరు పోయిన ఎన్నో యేండ్లకు పుట్టిన మనుమరాలిని, ఆమె యెన్నడును అడుగుపెట్టని ఊరిలోనికి, ఆ వృద్ధుడు ఒక్క సర్వనామముతో చేయిపట్టి తీసికొనిపోయెను. దానిని ఇంగ్లీషులోనికి ఎట్లు తెత్తుము? ఆమె వారమంతయు ఆలోచించి, ఐదారుసార్లు కొట్టివేసి, ఒక కొత్త వాక్యమును చేర్చి తెచ్చినది: 'హి సెడ్ ఇట్ యాజ్ ఇఫ్ ఇట్ వర్ మైన్ టూ.' అది నాదియు నైనట్లు చెప్పెనని భావము. తెలుగున ఒక్క మాటలో నున్నది ఇంగ్లీషున ఒక వాక్యమైనది, అయినను వచ్చినది. ఆ కాగితము ఇప్పుడు కొట్టివేతలతో నిండియున్నది. నా యలమరలో దాచుకొంటిని.

చూడుడు: ఒక కాలము, ఒక ఆర్టికిల్, ఒక సర్వనామము, చివరి వాక్యమున 'యాజ్ ఇఫ్' తరువాత వచ్చు 'వర్' అను ఊహార్థక రూపము, డిగ్రీ వ్యాకరణమున అధ్యాపకుడు నెలలతరబడి చెప్పు సంగతులు నాలుగు ఒక్క వృద్ధుని మాటచుట్టు వచ్చి చేరినవి. దానికి పైన, ఒక రచయిత యెదుర్కొను నిజమైన సమస్యను పందొమ్మిదేండ్ల పిల్ల యెదుర్కొని నెగ్గెను. ఇట్టి శ్రమ ఒకసారి పడినవానికి ఇతరుల రచనలోని శ్రమ కనబడును. వర్డ్స్‌వర్త్ సోదరిని పద్యమునుండి ఎందుకు తొలగించెనో, గురజాడ తన నాటకమును ఎందుకు మరల వ్రాసెనో, ఎవరును చెప్పనవసరము లేదు.

వ్రాయుటకు విషయములు లేవని ఎవరైన అనినచో నేను అంగీకరింపను. ఇచ్చటి బ్లాస్ట్ ఫర్నేసులకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ యని పేర్లు. ఇనుము కరగించు కొలుములకు రెండు నదుల పేరులును అన్నము పెట్టు దేవత పేరును ఎట్లమరెనో, వానివద్ద పనిచేయు తండ్రి నడిగి ఒక పుట వ్రాయవచ్చును. 2021 ఫిబ్రవరినుండి ఈ కూర్మన్నపాలెపు కూడలిలోనే, కర్మాగారమును ప్రైవేటుపరము చేయవలదని కార్మికులు రిలే నిరాహారదీక్షలు సాగించిరి. వారు పలికిన నినాదము 1966 నాటి యుద్యమములోనిది: విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు. దీనిని ఇంగ్లీషులోనికి తేగోరుడు. అర్థము సులభముగా వచ్చును. ఉక్కునకు హక్కునకు గల ప్రాస రాదు. ఆ ద్విత్వకకారపు దెబ్బ పోయినచో నినాదములో మిగులునది సమాచారమే. కవిత్వమున శబ్దార్థముల సంబంధమేమో తెలియగోరు విద్యార్థి ఈ నాలుగు మాటలను ఒకవారము తనవెంట త్రిప్పుకొనిన చాలును.

కొన్ని చిన్న నియమములు చెప్పి విడిచెదను. దినమునకు ఒక పుట చాలును. రెండు వ్రాయవలెనను ఆశతో మూడవనాడే మానువారు హెచ్చు. వ్రాసినదానిని వెంటనే దిద్దవలదు. నాలుగుదినములు విడిచి, గొంతెత్తి చదివి, అప్పుడు దిద్దుడు. 'ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్' వంటి తప్పులు దొరలినచో దుఃఖింపవలదు. నాకు ఇద్దరు తమ్ములున్నారను తెలుగువాక్యము వెనుకనుండి తోయుచున్నదని గ్రహించి, 'ఐ హావ్' అని మార్చుకొనుడు. ఏ తప్పు ఏ తెలుగువాక్యమునుండి వచ్చినదో ప్రక్కన వ్రాసికొనుడు. ఆరునెలలలో ఆ పట్టిక మీకు ఏ ముద్రితవ్యాకరణమునకంటెను మేలైన వ్యాకరణమగును, ఏలననగా అది మీ తప్పులనుండియే పుట్టినది. పుస్తకములు కొనలేనివారు ద్వారకానగరమునందలి పౌరగ్రంథాలయమునకు పోవలెను. ఇచ్చటినుండి బస్సులో గంటకు పైగా పట్టును, అయినను నెలకు రెండుమార్లు పోదగినది. దారిలో చదువుటకు ఒక చిన్నకథ వెంట నుంచుకొనుడు. మీ పుటను దిద్దగల అధ్యాపకులు మీ కళాశాలలో తప్పక యుందురు. విద్యార్థి గైడులోని సమాధానము గాక తన వ్రాతను తెచ్చి చూపినచో, ఎంత పనిలో నున్న అధ్యాపకుడైనను తలయెత్తి చూచును. ఇది నా యనుభవము.

తెలుగు వదలినగాని ఇంగ్లీషు రాదను మాటను మాత్రము నమ్మవలదు. ఆ యమ్మాయి తెలుగు తెలియనిదైనచో 'మన' యెదుట ఆగియుండెడిది కాదు. ఆగకున్నచో ఆ వాక్యము పుట్టియుండెడిది కాదు. వారమునకు ఒక పుట తెలుగును చదువుడు, ఇంటి పెద్దల పలుకుబడిని దిద్దక యథాతథముగా వ్రాసికొనుడు; ఉత్తరాంధ్ర యాసయని చిన్నచూపు చూడవలదు.

కర్మాగారముకొఱకు పోయిన ఆనాటి ఊళ్లను, వాని చెఱువులను, జీడితోటలను, అమ్మవారి గుడులను కన్నులార చూచినవారు ఇప్పుడు అరువదేండ్లు దాటినవారు. ఏటేట వారి సంఖ్య తగ్గుచున్నది. ఆ తాతయు పోయిన సంక్రాంతికి ముందు కాలముచేసెను. మీ యింట నట్టి పెద్దవారున్నచో, ఈ రాత్రి భోజనమైన పిమ్మట వారిదగ్గఱ కూర్చుండి, వారి ఊరు ఎక్కడ ఉండీదో అడుగుడు. వారు చెప్పినది వారి మాటలలోనే వ్రాసికొని, రేపు ఇంగ్లీషులోనికి తెచ్చుటకు కూర్చుండుడు.